బొటనవేలు చూసే మనిషి

భాయ్ పోయాడని ల్యాబు ఓనరు చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "నా చీటీలు యాడుండాయి?" అని.

ఓనరు బిత్తరపోయాడు. నాకూ సిగ్గేసింది. మనిషి పోయి పదిహేను రోజులైందని ఆయన చెబుతుంటే, అయ్యో అని కూడా అనకుండా చీటీల గొడవేమిటని. కానీ అమ్మ మొహం చూశాక నోరు మూసుకున్నాను. కొందరికి దుఃఖం కళ్ళల్లోకి వస్తుంది, మా అమ్మకు చేతుల్లోకి వస్తుంది. కొంగు చివర మెలిపెడుతూ, ఆ మెలి విప్పుతూ, మళ్ళీ పెడుతూ బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆ మనిషి ఎలాంటివాడో చెబితే గానీ ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నేనని మీకు తెలియదు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. తిరుపతిలో ఒక పెద్దాస్పత్రి వెనక సందులో, మందుల షాపుకూ జిరాక్సు షాపుకూ నడుమ ఇరుక్కున్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. వచ్చేపోయేవాళ్ళందరికీ భాయ్. మేము మొదటిసారి చూసేటప్పటికే అరవై దగ్గర పడుతున్నట్టున్నాడు. తెల్లబడిన గడ్డం, మోచేతుల పైదాకా మడిచిన చొక్కా చేతులు. ఆ మడతలు రెండు వైపులా కొలిచినట్టు సమానంగా ఉండేవి. నిజం చెప్పాలంటే అవి చూసే నాకు మొదట చిరాకు పుట్టింది. అంత పద్ధతైన మనుషుల దగ్గర మనం ఎప్పుడూ ఏదో ఒక తప్పు చేసి దొరికిపోతుంటాం.

మా అమ్మది ఐరాల పక్కన పల్లె. అక్కడ మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను తిరుపతిలో యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాని. అమ్మకు చిన్నప్పుడు కీళ్ళు వాచే జ్వరమొకటి వచ్చి తగ్గిందట. తగ్గింది జ్వరం మాత్రమేనని యాభై బాగా దాటాక తెలిసింది. ఆ జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. దాన్ని తీసేసి లోహపు వాల్వు పెట్టారు. ఇంట్లో ఫ్యాను ఆపితే అమ్మ ఛాతీలోంచి టిక్కు టిక్కుమని గోడ గడియారంలాగా వినిపిస్తుంది.

అయితే లోహం తగిలిన చోట రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. గడ్డ కట్టిందా, వాల్వు బిగుసుకుపోతుంది, లేదంటే ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడులో అడ్డం పడుతుంది. అందుకని రక్తం పలచగా ఉండడానికి జన్మంతా రోజుకొక మాత్ర. ఆ మాత్ర ఎక్కువైతే కారిన రక్తం ఆగదు. ఎంత పలచగా ఉందో నెలకోసారి పరీక్ష చేయించుకోవాలి, ఆ నంబరు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. ఆ సన్నటి గట్టు మీద మా అమ్మ ఎనిమిదేళ్ళుగా నడుస్తూ ఉంది.

మొదటిరోజు అమ్మ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. భాయ్ రబ్బరు పట్టీ కట్టలేదు. సూది తీయలేదు. అరచెయ్యి వెనక్కి తిప్పి, బొటనవేలు పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి గోటి సందుల్లోకి చూశాడు.

"పొద్దున సిర్రాకు గిల్లినావా అక్కా?"

అమ్మ ఉలిక్కిపడింది. చిర్రాకు అంటే మా వైపు తోటకూర లాంటిదే. గిల్లితే పసరు గోటి సందుల్లో నల్లగా పట్టి రెండు రోజులు వదలదు.

"గిల్లినా. నీకెట్ట తెలుసు?"

"యేలు సెప్తా ఉండాది. దినామూ తింటావా?"

"దినామూ యాడ్నించి వస్తాది? ఉన్నప్పుడు తింటా, లేనప్పుడు ల్యా."

"అట్ట గాదు. వారానికి రెండు తూర్లంటే రెండే తూర్లు. వానలొచ్చి ఆకు దండిగా మొలిసినా రెండే, ఎండాకాలం కొనుక్కోవాల్సొచ్చినా రెండే."

"ఆకే తినగూడదని వార్డులో నా పక్క మంచం ఆమె సెప్పిందే?"

"తినొద్దని నేను సెప్పలే అక్కా. ఒకే తీరుగా తినమంటా ఉండా."

ఈ చివరి మాట ఆయన నోట నేను వందసార్లు విని ఉంటాను. ఎవరొచ్చినా అదే మాట, అదే విసుగు, అదే ఓపిక. విసుగూ ఓపికా ఒకే మనిషిలో ఒకే నిమిషంలో ఎలా ఉంటాయో ఆయన్ని చూశాకే తెలిసింది నాకు.

దాని వెనక సంగతి నేను అడిగితే చెప్పాడు. "ఆకులో విటమిన్ కె ఉంటాది మేడం. నెత్తురు గడ్డకట్టేదానికి కావాల్సింది అదే. ఈ మాత్ర దాని పనికి అడ్డం పడతాది. ఆకు ఎక్కువ తింటే ఆకు గెలుస్తాది, మానేస్తే మాత్ర గెలుస్తాది. మనకి ఇద్దుర్లో ఎవురూ గెలవగూడదు." అంతకన్నా బాగా ఎవరూ నాకు ఆ మందు గురించి చెప్పలేదు.

ఆయన దగ్గర రక్తం ఇవ్వడం ఒక తతంగం. ఈ పరీక్షకు నీలం మూత గొట్టం వాడతారు. అందులో ముందే ఏదో మందు ఉంటుంది, రక్తం సరిగ్గా గీత దాకా రావాలి. గీతకు ఒక్క పిసరు తగ్గినా ఆయన ఆ గొట్టం పారేసి రెండో చేతికి పట్టీ కట్టేవాడు. ఒకసారి నగరి నుంచి మగ్గం నేసే ఆయనెవరో భార్యను తీసుకొచ్చాడు. రైలు టైమైపోతోందని ఒకటే తొందర. గొట్టం నిండలేదు. భాయ్ ఇంకోసారి పొడుస్తానన్నాడు.

"ఉన్నదాంతో సూడప్పా, అంత యిదేంది?" అన్నాడు నేతాయన.

"పడుగులో ఒక పోగు తెగితే నువ్వు ఉన్నదాంతో నేస్తావా?" అన్నాడు భాయ్.

నేతాయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. రైలు పోయింది. తర్వాత వాళ్ళిద్దరూ మా పక్కనే కూర్చుని నిమ్మకాయ అన్నం తిన్నారు, భాయ్‌ను తిడుతూనే ఆయన కోసం కొంచెం పక్కన పెట్టారు.

రక్తం తీశాక గొట్టాన్ని ఊపేవాడు కాదు. మెల్లగా తలకిందులుగా తిప్పేవాడు, మళ్ళీ నిలబెట్టేవాడు, అలా నాలుగుసార్లు. అప్పటిదాకా నోరు విప్పడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి, పేరూ పరీక్షా రాసుండే చిన్న చీటీ వెనకపక్క అమ్మ ఆ వారం ఏం తిన్నదో రాసేవాడు. 'సిర్రాకు రెండు తూర్లు. చేప ఒక తూరి. జ్వరం మాత్ర లేదు.' రిపోర్టు కంప్యూటర్లోంచి వస్తుంది, అది డాక్టరు చూడ్డానికి. ఈ చీటీ మాత్రం కుర్చీ వెనక ఇనుప తీగకు గుచ్చేవాడు. రిపోర్టు మీద నంబరు తేడాగా ఉంటే చీటీ తీసి చదివి, దాంట్లో ఉన్నది డాక్టరుకు చెప్పమని మాకు అప్పజెప్పి, మళ్ళీ తీగకే గుచ్చేవాడు. బాగుందా బాగాలేదా అని అడిగితే మటుకు చెప్పేవాడు కాదు. "నంబరు నాది, మందు డాక్టరుది, తిండి నీది" అనేవాడు.

పోయే ముందు ఇంకొకటి ఉండేది. "ఫ్యానాపప్పా, అక్క గడియారం ఇందాం" అని ఓనరును కేకేసేవాడు. ఓనరు గొణుక్కుంటూ స్విచ్చి నొక్కేవాడు. అంతా ఊపిరి బిగబట్టి ఉంటే అమ్మ ఛాతీలోంచి టిక్కు టిక్కు. వాల్వు మీద గడ్డ చేరితే ఆ శబ్దం మొద్దుబారుతుందట. "బాగుండాది. పొయ్ రా" అనేవాడు. అమ్మ మహారాణిలాగా లేచి వచ్చేది.

గోడకు ఉన్న క్యాలెండరు మీద కూడా ఆయన పెన్సిలు గీతలే. రంజాన్ నెలకు ఒక గీత, ఉపవాసాలప్పుడు తిండి వేళలు మారతాయి కాబట్టి తన వాళ్ళను ముందే డాక్టరును అడిగి రమ్మనడానికి. ఆషాఢానికి ఒకటి, ఆ నెల ఇళ్ళల్లో మునగాకు వండుతారు కాబట్టి. పెరటాసికి గీత మొదట్లో లేదు. ఆ గీత పడడానికి కారణం మా అమ్మ.

పెరటాసి అంటే సెప్టెంబరు నడుమ పుట్టి అక్టోబరు నడుమ పోయే తమిళ నెల. మా వైపు ఇంటిదేవుడు వెంకటేశ్వరస్వామి అయినవాళ్ళు నెలంతా నీచు ముట్టరు. శనివారాలు నామాలు పెట్టుకుని, చెంబు పట్టుకుని గోవింద కొడుతూ నాలుగిళ్ళు తిరిగి, ఆ బియ్యంతో వండిన నైవేద్యాన్ని దేవుడికి తళిగలు వేస్తారు. మిగతా రోజుల్లో కోడీ లేదు, గుడ్డూ లేదు. మరి సంగటిలోకి ఏం కావాలి? పులగూర. దొరికిన ఆకులన్నీ కలిపి, టమోటాలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి ఎనిపితే ఇక వేరే ఏదీ అడగరు మా ఇంట్లో. ఆపరేషనయ్యాక వచ్చిన మొదటి పెరటాసి అది. వారానికి రెండుసార్లు కాస్తా రోజూ అయింది.

ఆ నెల నడిమధ్యలో పరీక్షకు రావాల్సి వచ్చింది. అమ్మకు భాయ్ బొటనవేలు చూస్తాడని తెలుసు. అందుకని పొద్దున్నే నిమ్మకాయ డిప్పతో, బూడిదతో, మళ్ళీ నిమ్మకాయ డిప్పతో వేలు తోమి తోమి తెల్లగా చేసుకుని బస్సెక్కింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ల్యాబులో నేను పక్కనే ఉండీ ఆ వేలు గమనించలేదు.

భాయ్ వేలు చూశాడు. "ఆకు?" అన్నాడు.

"రెండు తూర్లే. నువ్వు సెప్పినట్టే."

ఆయన చీటీ వెనక అదే రాశాడు. నంబరు రెండుకు దిగువకు పడిపోయింది. చీటీలో మార్పేమీ లేదు, మాత్రలు తప్పలేదు. డాక్టరు అన్నీ అడిగి, తిండి అదే అయితే మాత్ర చాలడం లేదని పెంచి, రెండు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నాడు. "పెరటాసి అయినాక వస్తాలే" అని అమ్మ ఊరికి పోయింది. పెరటాసి పోయిన మర్నాడు మా ఊళ్ళో ప్రతి ఇంట్లో కోడి తెగింది. నెలరోజులు ఆకులు తిన్న నోళ్ళు మళ్ళీ ఆకు వైపు చూడలేదు. మాత్ర మాత్రం పెంచింది పెంచినట్టే ఉంది. ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది ఏం జరిగిందో. మాకు అప్పుడు కాలేదు.

పదకొండు రోజుల తర్వాత, పొద్దున పదింటికి నేను ఆఫీసులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మకి పండ్లలో నెత్తురు ఆగల్యా. తొడ మీద గూడా నల్లగా కమిలింది, యాడా తగల్లేదంటా ఉండాది."

దగ్గర ఊళ్ళో కాన్పులు చేసే ఒక చిన్న నర్సింగ్ హోముకు తీసుకుపోయాడట. అక్కడి డాక్టరు విటమిన్ కె ఇంజెక్షను ఇస్తే ఆగిపోతుందన్నాడట. పోయినసారి నంబరు ఎంతో కనుక్కోమన్నాడట. నా ప్రాణం కుదుటపడింది. మందు ఉంది, డాక్టరున్నాడు, ఇంకేం కావాలి? నంబరు కోసమని భాయ్‌కు ఫోన్ చేశాను.

ఆయన నంబరు చెప్పలేదు. "వాల్వు సంగతి సెప్పినారా ఆడ?" అన్నాడు.

తమ్ముణ్ణి అడిగాను. "నెత్తురు పలసబడే మాత్ర ఏసుకుంటాదని సెప్పినా. వాల్వు సంగతి ఎందుకక్కా, ఇది పండ్ల సంగతి గదా?" అన్నాడు వాడు.

ఆ మాట భాయ్‌కు చేరేసరికి ఆయన గొంతు మారింది. "సూది ఇంగా ఎయ్యలేదు గదా? రెండు నిమిషాలు ఆపమను. నేను డాక్టర్ని గాదు మేడం, నా మాట మీద ఏమీ సెయ్యొద్దు. ఫోను మాత్రం పెట్టొద్దు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో "నా చేతికి పట్టీ కట్టి యాడికి పోతావప్పా?" అని అరవడం వినిపించాయి. భాయ్ పట్టీ కట్టిన చేతిని వదిలేసి వెళ్ళిపోవడం ఆ ల్యాబు చరిత్రలో అదొక్కసారేనని ఓనరు ఇప్పటికీ చెబుతాడు. తీగ మీది మా అమ్మ చీటీలన్నీ లాక్కుని, సందు దాటి, పెద్దాస్పత్రిలో అమ్మను చూసే గుండె డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి పోయాడట. వరసలో ఉన్నవాళ్ళు తిట్టారట. ఐదు నిమిషాలకు ఆ డాక్టరు, మా ఊరి వైపు డాక్టరు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

వాళ్ళు మాట్లాడుకున్నది నేను తర్వాత అడిగి తెలుసుకున్నాను. రక్తం ఆగడానికి విటమిన్ కె సరైన మందే. అయితే పెద్ద మోతాదు ఒకేసారి సూదిలో ఇస్తే, ఆ తర్వాత వారం పది రోజులు అమ్మ మాత్ర ఎంత వేసుకున్నా పనిచేయదు. అన్ని రోజులు గుండెలో లోహపు వాల్వు కాపలా లేకుండా ఉంటుంది. తలనొప్పి ఉందా, మాట తడబడుతోందా, వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం ఉందా అని గుండె డాక్టరు ఒక్కొక్కటే అడిగాడట. అవి ఉంటే లెక్క వేరు, అప్పుడు వెనకాడేది లేదు. అవేవీ లేవు. అయితే చాలా తక్కువ మోతాదు, అదీ నోట్లో పోయండి, చిగుళ్ళు దూదితో అదిమిపెట్టండి, ఇవాళ మాత్ర ఆపి వెంటనే ఇక్కడికి పంపండి అన్నాడు. అంత తక్కువ మోతాదు ఆ నర్సింగ్ హోములో ఉంది. పుట్టిన ప్రతి బిడ్డకూ తొడకు వేసే సూదిమందు, చిన్న గాజు ఆంప్యూలు. ఆ డాక్టరు మంచివాడు. చెప్పించుకోవడానికి నామోషీ పడలేదు. ఆంప్యూలు విరిచి, మందు చెంచాలోకి తీసి అమ్మ నోట్లో పోశాడు.

"అరవై యేండ్లకి నన్ను మళ్ళా పురిటిబిడ్డను జేసినారు" అంటుంది అమ్మ ఇప్పటికీ.

మందు మింగాక అమ్మ ఫోను ఇమ్మని పట్టుబట్టిందట. నాతో కాదు, తమ్ముడితో కాదు, భాయ్‌తోనే మాట్లాడాలని. నోట్లో దూది పెట్టుకుని చెప్పింది.

"భాయ్, నేను అబద్దం సెప్పినా. నెలంతా పులగూరే తినింది. యేలికి నిమ్మకాయ రుద్దుకోనొస్తి."

"సరే అక్కా. ఇప్పుడు మాట్లాడొద్దు, దూది జారిపోతాది" అని పెట్టేశాడట.

సాయంత్రానికి రక్తం ఆగింది. తిరుపతికి తెచ్చేటప్పటికి నంబరు ఎనిమిది దాటి ఉంది, మర్నాటి పొద్దుటికి మూడుకు కొంచెం పైదాకా దిగింది. ఆ రాత్రంతా మంచం పక్కన కూర్చుని నేను భయపడింది రక్తానికి కాదు. చెంచాతో పోసిన ఆ మందు ఎక్కువైపోయిందేమో, లోపల గడ్డ కడుతోందేమో అని. ఒకే మనిషిలో ఈ రెండు భయాలూ ఒకేసారి ఉండవచ్చని అంతకుముందు నాకు తెలియదు.

పొద్దున ఏడింటికి, ల్యాబు తెరవకముందే భాయ్ వార్డుకు వచ్చాడు. వచ్చీ రాగానే సిస్టరును బతిమాలి ఫ్యాన్లు ఆపించాడు. పన్నెండు మంచాల వాళ్ళూ ఉక్కపోతకు లేచి కూర్చుని, ఏమైంది ఏమైందని అరుస్తుంటే చెయ్యెత్తి "అరే, ఒక్క నిమిషం ఉండండప్పా" అన్నాడు. మంచానికి మూరెడు దూరంలో చెవి వంచి నిలబడ్డాడు. టిక్కు, టిక్కు, టిక్కు. శుభ్రంగా, గట్టిగా.

"బాగుండాది" అన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని అమ్మ బొటనవేలు పట్టుకున్నాడు.

"నేను నీకి ఆకు తినొద్దని ఎప్పుడన్నా సెప్పినానా?"

"ల్యా."

"మరి ఎందుకు దాసినావు?"

"సెప్తే మానెయ్యమంటావని బయపడినా భాయ్. దేవుని నెల. ఇంట్లో కూరాకు తప్ప ఏముండాది? నా ఒక్కదానికీ వేరే ఎవురు వండుతారు?"

ఆయన ఆ వేలి వైపే చూస్తూ కూర్చున్నాడు. "తప్పు నాది అక్కా. ముప్పయ్యేండ్ల నుంచి మీ మద్దెనే ఉండా. పెరటాసిలో మీ ఇండ్లల్లో ఏం వండుతారో నాకి తెలీదా? ఆ నెలలో పల్లె మనిషి యేలు అంత తెల్లగా ఉంటాదా? నేను నీ యేలు సూసినా గానీ నీ మొగం సూడలేదు."

ఆ తప్పు ఆయనది కాదని నేను ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆ రోజే క్యాలెండరు మీద పెరటాసికి గీత పడింది. గోడకు ఒక అట్టముక్క వేలాడింది: 'పెరటాసికి ముందు ఒక తూరి, నెల నడుమ ఒక తూరి, పోయినాక వారానికి ఒక తూరి పరీక్ష. ఆకు తినొచ్చు. దాచవద్దు.' గడ్డం భాయ్ పెరటాసి బోర్డు పెట్టాడని సందులో నవ్వుకున్నారు కొందరు. ఆయన వాళ్ళనూ పట్టించుకోలేదు. రోగిని అడగడంతో ఆపకుండా, వెంట వచ్చినవాళ్ళను వేరుగా బయటికి పిలిచి "ఇంట్లో ఏమి వండినారు ఈ వారం?" అని అడగడం కూడా అప్పటినుంచే. అత్తలను పట్టించిన కోడళ్ళున్నారు, మొగుళ్ళను పట్టించిన పెళ్ళాలున్నారు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా వేలు కడుక్కుని రాలేదు. బస్సెక్కేముందు కావాలనే నాలుగాకులు గిల్లి వచ్చేది. ఆయన చూసి నవ్వేవాడు కాదు, తల మాత్రం ఊపేవాడు.

మొన్న మేము పోయింది పెరటాసికి ముందు పరీక్షకే. ఓనరు చీటీల తీగ వెతికి తెచ్చాడు. భాయ్ నిద్రలోనే పోయాడట, ముందురోజు సాయంత్రం దాకా పనిచేసి, గొట్టాలన్నీ సర్ది ఇంటికి వెళ్ళాడట. అమ్మకు చదువు రాదు. తన చీటీలన్నీ నా చేతిలో పెట్టి, "ఆ యేడాదిది ఉండాదా సూడు మేయ్" అంది. ఉంది. 'రెండు తూర్లే' అన్న మాట మీద పెన్సిలుతో ఒక్క గీత కొట్టి, కింద రాసుకున్నాడు: 'దినామూ. నిమ్మకాయ.'

చదివి వినిపించాను. అప్పుడు ఏడ్చింది అమ్మ.

లోపలినుంచి పిలిచారు. భాయ్ కుర్చీ దగ్గర కొత్తమ్మాయి, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళుంటాయి, చేతులకు గ్లవుజులు, పని చురుగ్గా చేస్తోంది. అమ్మ కూర్చుని, అలవాటుగా అరచెయ్యి వెనక్కి తిప్పి బొటనవేలు పైకెత్తి పట్టింది. ఆ అమ్మాయి ఆ వేలు చూసి, దూదిలో స్పిరిట్ అద్ది గోటి సందులు తుడవడం మొదలుపెట్టింది.

"చేతులు కడుక్కోని రావాల పెద్దమ్మా."

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను ఏదో చెప్పబోయాను. అమ్మ నన్ను చూపుతోనే ఆపింది.

"అది మురికి గాదు పాపా. సిర్రాకు. వారానికి రెండు తూర్లు తింటా ఉండా. ఎల్లుండి పెరటాసి పుడతాది, అప్పుడు దినామూ తింటా. రాసుకో."

"యాడ రాయాల? కంప్యూటర్లో దానికి చోటు లేదు పెద్దమ్మా."

"చీటీ ఎనకపక్క."

ఆ అమ్మాయి నా వైపు చూసింది, ఓనరు వైపు చూసింది. ఓనరు సొరుగు లాగి, సగం అరిగిన పెన్సిలొకటి తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె చీటీ తిప్పి రాయడం మొదలుపెట్టాక గానీ మా అమ్మ చెయ్యి చాపలేదు.